రిజర్వ్ యాంటీబయోటిక్స్‌పై అదుపు: ఒడిశా సరిహద్దు ఆసుపత్రుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు వంద నుంచి మూడొందల పడకల ఆసుపత్రుల్లో పనిచేసే డ్యూటీ డాక్టర్లు, సిస్టర్లు, ఫార్మసిస్టులకు, చివరి ఆయుధంగా దాచుకోవాల్సిన యాంటీబయోటిక్స్‌ను ఫారం, సమీక్షలతో అదుపులో పెట్టేటప్పుడు ఎదురయ్యే ప్రశ్నలివి. ఇన్‌ఫెక్షన్ల స్పెషలిస్టు లేని చోటు, కల్చర్ ల్యాబ్ (నమూనాలోని క్రిమిని పెంచి అది ఏదో చూసే ల్యాబ్) ఉన్నా లేనట్టే ఉండే చోటు మనసులో పెట్టుకుని జవాబులు రాశాం. వేరేగా చెప్పని చోట డోసులన్నీ పెద్దవాళ్లకు, కిడ్నీలు బాగా పనిచేస్తున్నవాళ్లకు.

అదుపు జాబితాలో ఏ మందులు పెట్టాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయోటిక్స్‌ను యాక్సెస్ (మామూలుగా మొదట వాడేవి), వాచ్ (జాగ్రత్తగా వాడాల్సినవి), రిజర్వ్ (చివరి ఆయుధంగా దాచుకోవాల్సినవి) అని మూడు వర్గాలుగా చూపిస్తోంది. అమాక్సిసిలిన్, సెఫజోలిన్, డాక్సీసైక్లిన్, జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి యాక్సెస్‌లో ఉన్నాయి. వాటికి అడ్డు పెట్టక్కర్లేదు. రిజర్వ్‌లో ఉన్న కొలిస్టిన్, పాలీమిక్సిన్ బి, టైగీసైక్లిన్, లినెజోలిడ్, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్, ఇంజెక్షన్ ఫాస్ఫోమైసిన్, డాప్టోమైసిన్ మాత్రం జాబితాలో ఉండాల్సిందే. వాచ్ వర్గం చాలా పెద్దది. అందులోంచి మెరోపెనెం, ఇమిపెనెం, వాంకోమైసిన్, టైకోప్లానిన్ తీసుకుంటే చాలు.

సెఫ్ట్రియాక్సోన్ కూడా వాచ్‌లోదే కదా అంటారు. నిజమే, కానీ మన వార్డుల్లో ఆ ఇంజెక్షన్ పడని మనిషి అరుదు. దానికీ ఫారం పెడితే రెండో వారానికల్లా చూడకుండా సంతకాలు పెట్టడం మొదలవుతుంది, అదే చేత్తో కొలిస్టిన్ ఫారం మీదా సంతకం పడిపోతుంది. దాన్ని నెలవారీ లెక్కలో చూసుకోండి. పిపెరాసిలిన్-టాజోబాక్టమ్‌కి ముందస్తు అనుమతి వద్దు, మూడో రోజు సమీక్ష ఒక్కటి పెట్టండి.

షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ రాస్తున్నాం కదా, అది చాలదా?

చాలదు. హెచ్1 అనేది 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న చట్టపు నిబంధన. ఆ షెడ్యూల్ జాబితాలోని మందు అమ్మినప్పుడు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం విడి రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. మందు ఎవరి చేతికి వెళ్లిందో అది చెబుతుంది. ఎందుకు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు అన్నది అందులో దొరకదు.

రాత్రి రెండు గంటలకు సెప్టిక్ షాక్‌లో వచ్చినవాళ్లకు అనుమతి ఎవరివ్వాలి?

సెప్టిక్ షాక్ అంటే ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయిన స్థితి, దానికి ఎవరూ అనుమతి ఇవ్వక్కర్లేదు. మొదటి డోసుకు అనుమతి అడగకూడదు. షాక్ ఉంటే గంటలోపు మందు పడాలి. షాక్ లేదు, ఇన్‌ఫెక్షనో కాదో తేలలేదు అనుకుంటే త్వరగా పరీక్షించి చూడటానికి మూడు గంటల వరకు సమయం ఉంది. అంతకు మించి ఆగకూడదు.

దీనికోసం క్యాజువాలిటీలో ఒకటి, ఐసీయూలో ఒకటి సీలు వేసిన ట్రే పెట్టండి. ఒక్క రోగికి ఇరవై నాలుగు గంటలకు సరిపడా మందు ఉంటే చాలు: మెరోపెనెం 1 గ్రాము వయల్స్ మూడు, టైకోప్లానిన్ 400 మి.గ్రా. వయల్స్ రెండు, కొలిస్టిన్ మొదటి పెద్ద డోసుకూ ఆ తర్వాతి డోసుకూ సరిపడా వయల్స్. సీలు తెంపినవాళ్లు రోగి ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, టైము చీటీ మీద రాసి ట్రేలో వేయాలి. పొద్దున్న ఫార్మసిస్టు ఆ చీటీ చూసే ట్రే నింపుతారు, ఆ చీటీ పట్టుకునే వార్డుకి ఫారం పంపుతారు. చీటీ లేకుండా నింపడం అలవాటైతే రెండు వారాల్లో ట్రే మామూలు స్టాకుగా మారిపోతుంది. ఇక మందులన్నీ ఫార్మసీలో పెట్టి, తాళం చెవి ఇంటికెళ్లిపోయిన ఫార్మసిస్టు జేబులో ఉంటే అది అదుపు కాదు, ప్రమాదం.

ఫారంలో ఏముండాలి?

అర పేజీ దాటనివ్వకండి. పేరు, ఐపీ నంబరు, బరువు, తేదీతో సహా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), ఇన్‌ఫెక్షన్ ఎక్కడ అనుకుంటున్నారు, కల్చర్ ఎప్పుడు తీశారు, ఇంతకుముందు పడిన యాంటీబయోటిక్స్ (బయట వేయించుకున్నవి సహా), అడుగుతున్న మందు, డోసు, సమీక్ష తేదీ. ఇంతే.

కారణం దగ్గర ఉత్త "సెప్సిస్" (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీయడం) అని రాస్తే తిప్పి పంపండి. ఊపిరితిత్తులా, మూత్రమా, కడుపా, సెంట్రల్ లైనా (పెద్ద సిరలో పెట్టిన గొట్టం) అన్నది రాయాలి, ఎందుకంటే మందు ఎంపిక దాన్నిబట్టే ఉంటుంది. యాంటీబయోటిక్ రాసేటప్పుడు కారణం తప్పనిసరిగా రాయాలని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 2024 జనవరిలో వైద్య కళాశాలల డాక్టర్లను కోరింది కూడా. ఎక్కువగా ఖాళీ వదిలేసేది బరువు గడి. లేవలేని రోగి అయితే అంచనాగానైనా రాసి పక్కన "అంచనా" అని పెట్టండి.

ఫారం 72 గంటలకే చెల్లుతుంది. అలాగని 72 గంటలు కాగానే ఫార్మసీ చప్పుడు లేకుండా మందు ఆపేయకూడదు. గుండె కవాటానికి ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషికి ఆదివారం డోసులు తప్పిపోయేది ఇలాగే. 60 గంటలకు ఫార్మసీ నుంచి వార్డుకు ఫోను వెళ్లాలి, మాట్లాడినవాళ్ల పేరు రిజిస్టర్లో పడాలి.

స్పెషలిస్టు లేనప్పుడు సంతకం ఎవరిది?

ఒక ఫిజీషియన్, ఐసీయూ చూసే డాక్టరు ఒకరు, ఫార్మసిస్టు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్. నలుగురు చాలు. ఇద్దరు డాక్టర్లు వారం వారం మార్చుకుంటూ పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు ఫోను ఎత్తితే పని నడుస్తుంది. చిక్కు కేసులకు కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ కాలేజీ, బరంపురంలోని ఎం.కె.సి.జి. కాలేజీల మైక్రోబయాలజీ విభాగాలతో వారానికో గంట మాట్లాడే ఏర్పాటు ముందే చేసి పెట్టుకోండి. అవసరం వచ్చిన రోజున నంబరు వెతుక్కుంటే దొరకరు.

సీనియర్ డాక్టరుగారు ఫారం రాయనంటే?

ఫార్మసిస్టునో జూనియర్‌నో ముందుకు తోయకండి. సూపరింటెండెంట్ సంతకంతో విధానం కాగితం ఉండాలి, మాట్లాడేది ఆ సీనియర్‌తో సమాన హోదా ఉన్న డాక్టరే అయి ఉండాలి. "ఈ మందు ఎందుకు?" అని మొదలుపెడితే గొడవ. "ఈ రోగి గురించి ఒక్క నిమిషం చెప్పండి" అంటే మాట సాగుతుంది.

మూడో రోజు సమీక్షలో ఏం చూడాలి?

అదుపు అంతా నిజానికి ఇక్కడే ఉంది. మొదటి రోజు ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి పెద్ద మందు వేయడం తప్పేమీ కాదు. నలభై ఎనిమిది నుంచి డెబ్బై రెండు గంటల మధ్య కల్చర్, ఎక్స్‌రే, క్రియాటినిన్ వస్తాయి, మనిషి ఎటు వెళ్తున్నాడో తెలుస్తుంది. అప్పుడు ఎవరూ చూడకపోతే మందు పద్నాలుగు రోజులు దానంతటదే నడిచిపోతుంది.

మంచం దగ్గర నిలబడి ముందు ఇన్‌ఫెక్షన్ ఉందా అని అడగాలి. లేదని తేలితే ఆపేయాలి, "కోర్సు పూర్తి చేద్దాం" అనడానికి అక్కడ కోర్సే లేదు. ఉంటే, కల్చర్‌లో చిన్న మందుకు లొంగే క్రిమి వచ్చిందా చూడాలి. మెరోపెనెం మీద బాగైన మూత్ర ఇన్‌ఫెక్షన్‌లో క్రిమి అమికాసిన్‌కి లొంగేదైతే, కిడ్నీ బాగుంటే, దానికి మార్చడమే మంచిది. నోటితో తింటున్నాడా, మాత్రకు మార్చొచ్చా చూడాలి. చీము ఉంటే తీశారా అని అడగాలి. కడుపులో చీము అలాగే ఉంచి మందు మీద మందు మార్చడం మనం ఎక్కువగా చేసే పొరపాటు.

ఆఖరున ఆపే తేదీ కేస్ షీట్‌లో రాయాలి. మామూలు న్యుమోనియా తేరుకుంటే ఐదు రోజులు, కిడ్నీకి పాకిన మూత్ర ఇన్‌ఫెక్షన్ ఏడు, కడుపులో చీము పూర్తిగా తీసేశాక నాలుగు, రక్తంలో గ్రామ్-నెగెటివ్ క్రిమి వచ్చి మూలం తీసేసి మనిషి తేరుకుంటే ఏడు. రక్తంలో స్టాఫ్ ఆరియస్ (గుండె కవాటాలకు పట్టగల క్రిమి) వస్తే ఈ లెక్క వర్తించదు, అక్కడ కనీసం పద్నాలుగు రోజులు, గుండె ఎకో తప్పదు.

సెఫ్ట్రియాక్సోన్ మూడు రోజులు పడింది, జ్వరం తగ్గలేదు. మెరోపెనెంకి వెళ్దామా?

మన ప్రాంతంలో ముందు ఆగి చూడాల్సింది ఇక్కడే. పోడు పొలాల్లో, పొదల్లో తిరిగేవాళ్లకు వానాకాలం నుంచి చలికాలం దాకా స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) వస్తుంది. దాని క్రిమి మీద సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు, మెరోపెనెం పనిచేయదు, ఏ పెనిసిలిన్ జాతి మందూ పనిచేయదు. పనిచేసేది డాక్సీసైక్లిన్: 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. గర్భిణికైతే అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. రోజుకొకటి, ఐదు రోజులు. అప్పటిదాకా మండుతున్న జ్వరం రెండు రోజుల్లో దిగిపోతే అదే సగం రోగ నిర్ధారణ.

బట్టలు తీయించి చూడండి. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుము పట్టీ దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు, నొప్పి లేనిది, కనబడుతుంది. లేకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు. దీని రక్త పరీక్షల్లో ఐజీఎం ఎలీసా మొదటి ఐదారు రోజుల్లో నెగెటివ్ రావచ్చు, పాత పరీక్ష వైల్-ఫెలిక్స్ మీద నమ్మకం పెట్టుకోకండి. ఐదు రోజులు దాటిన జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ, లివర్ ఎంజైములు ఎక్కువ, మలేరియా డెంగీ నెగెటివ్ అయితే డాక్సీసైక్లిన్ మొదటి రోజే కలపాలి. మాత్ర మింగలేని తీవ్ర రోగికి ఇంజెక్షన్ రూపంలో ఇవ్వాలి.

ఇంకో మాట. టైఫాయిడ్‌లో సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. మనిషి తింటున్నాడు, బీపీ బాగుంది, జ్వరపు కొనలు మెల్లగా దిగుతున్నాయి అంటే మందు మార్చే పని లేదు. మలేరియా ర్యాపిడ్ టెస్ట్ ఒకసారి నెగెటివ్ వచ్చిందని వదిలేయకండి, ఈ జిల్లాల్లో మళ్లీ స్మియర్ (మైక్రోస్కోపు కింద రక్తపు చుక్క) చూడాల్సిందే.

బయట ఆర్‌ఎంపీ (డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఊరి వైద్యుడు) దగ్గర ఇంజెక్షన్లు వేయించుకుని వచ్చారు. దీన్ని ఎలా లెక్కలోకి తీసుకోవాలి?

ఏం వేశారో పేరు అడిగితే చెప్పలేరు. ఖాళీ సీసా ఉందా, చీటీ ఉందా, ఫోన్లో ఫొటో ఉందా అని అడగండి. చాలాసార్లు సంచిలోనే ఉంటుంది. తిట్టకండి, తిడితే వచ్చేసారి దాచేస్తారు. పేరు తెలిశాక దాన్ని ఫారంలో రాయండి, ల్యాబ్ స్లిప్ మీదా రాయండి. మందు పడ్డాక తీసిన కల్చర్‌లో ఏమీ పెరగకపోతే అది "ఇన్‌ఫెక్షన్ లేదు" అన్న జవాబు కాదు.

కల్చర్ ల్యాబ్ మా దగ్గర లేదు. నమూనా పంపొచ్చా?

పంపొచ్చు, తీసే పద్ధతి సరిగా ఉంటే. రక్తం మందు పడకముందే రెండు వేర్వేరు చోట్ల నుంచి, ఒక్కో సీసాలో 8 నుంచి 10 మి.లీ. వేయాలి. రెండు మి.లీ. వేస్తే పది మి.లీ. సీసా ఉన్నా లేనట్టే. ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి ముప్పై సెకన్లు ఆరనివ్వాలి, సీసా మూత కూడా స్పిరిట్‌తో తుడవాలి. ఈ ఆరనివ్వడం మానేసిన చోటే చర్మం మీది క్రిమి సీసాలోకి వెళ్తుంది, దాన్ని చూసి వాంకోమైసిన్ మొదలవుతుంది. కాన్యులా లోంచి రక్తం తీయడం ఇంకో కారణం.

రక్తపు సీసా, వెన్ను నీరు ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మూత్రం రెండు గంటల్లో చేరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే, లేకపోతే దారిలో క్రిములు పెరిగి తప్పుడు లెక్క వస్తుంది. వేసవిలో జీపు డ్యాష్‌బోర్డు మీద రక్తపు సీసాలు పెట్టి పంపడం మానండి. రిపోర్టు కాగితం వచ్చేదాకా ఆగకుండా మొదటి రోజు గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోపులో క్రిమిని చూసే పరీక్ష) ఫలితం ఫోన్లో చెప్పమని ల్యాబ్‌తో ముందే ఒప్పుకోండి.

రిపోర్టులో కొలిస్టిన్ "సెన్సిటివ్" అని ఉంది. నమ్మొచ్చా?

డిస్క్ పద్ధతిలో (క్రిములు పెంచిన జెల్లీ మీద మందు బిళ్ల పెట్టి) చూసి ఉంటే నమ్మకండి. కొలిస్టిన్ అణువు పెద్దది, జెల్లీలో సరిగా పాకదు. దానికి బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవంలో మందు పలచన చేస్తూ చూసే పద్ధతి) కావాలి. పైగా అమెరికాలోని ల్యాబ్ ప్రమాణాల సంస్థ సి.ఎల్.ఎస్.ఐ. 2020లో కొలిస్టిన్‌కు "సెన్సిటివ్" అన్న వర్గాన్నే తీసేసింది. అందులో మంచి ఫలితం అంటే "ఇంటర్మీడియట్" మాత్రమే.

రిపోర్టు కన్నా ముందు అడగాల్సింది, అది ఎక్కడి నమూనా అని. శ్వాస ట్యూబులోంచి తీసిన కఫంలో అసినెటోబాక్టర్ అనే క్రిమి వచ్చింది, మనిషికి జ్వరం లేదు, ఎక్స్‌రే మారలేదు, ఆక్సిజన్ అవసరం పెరగలేదు అంటే అది ట్యూబులో కాపురముంటున్న క్రిమి. కాథెటర్ మూత్రంలో పెరిగినదీ అంతే. ఇలాంటి రిపోర్టులకు మందు వేయడం ఆపితేనే కొలిస్టిన్ వాడకం చాలావరకు దిగుతుంది.

మెరోపెనెంకి లొంగనిదానికి సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ వేద్దామా అని కూడా అడుగుతుంటారు. మన దేశంలో ఇలాంటి క్రిముల్లో మందును విరగ్గొట్టే ఎన్‌డీఎమ్ ఎంజైము బాగా కనిపిస్తుంది. దాని మీద ఈ మందు ఒంటరిగా పనిచేయదు, అజ్‌ట్రియోనామ్ జత కావాలి. ఎంజైము ఏదో తెలియకుండా ఇంత ఖరీదు మందు రాయకండి.

డోసులో ఎక్కువగా జరిగే తప్పులేవి?

కొలిస్టిన్ దగ్గర యూనిట్ల గందరగోళం అన్నిటికన్నా ప్రమాదం. 10 లక్షల (1 మిలియన్) యూనిట్లు అంటే సుమారు 80 మి.గ్రా. కొలిస్టిమెథేట్, అదే 33 మి.గ్రా. కొలిస్టిన్ బేస్. ఒక సీసా మీద యూనిట్లు, ఇంకో పుస్తకంలో మి.గ్రా. బేస్ ఉంటే డోసు రెండింతలో సగమో అవుతుంది. ఆర్డరు ఎప్పుడూ మిలియన్ యూనిట్లలోనే రాయించండి. మొదటి డోసు 9 మిలియన్, పన్నెండు గంటల తర్వాత నుంచి 4.5 మిలియన్ చొప్పున రోజుకు రెండుసార్లు. కిడ్నీ బాగోలేదని మొదటి డోసు తగ్గించకూడదు, తగ్గించాల్సింది తర్వాతివి. ఆ మొదటి డోసు వదిలేస్తే మందు రక్తంలో సరిపడా చేరేసరికే రెండు మూడు రోజులు పోతాయి.

టైకోప్లానిన్‌దీ అదే కథ. మొదట పన్నెండు గంటలకోసారి మూడు డోసులు, ఆ తర్వాత రోజుకొకటి. మొదటి రోజు నుంచే రోజుకొకటి వేసి "పనిచేయలేదు" అనడం వింటుంటాం.

మెరోపెనెం 1 గ్రాము ఎనిమిది గంటలకోసారి, మెదడు పొరల వాపులో 2 గ్రాములు. తీవ్ర రోగుల్లో మూడు గంటల పాటు ఎక్కిస్తే మేలు, కానీ మొదటి డోసు త్వరగా ఇవ్వాలి. నార్మల్ సెలైన్‌లోనే, ఎక్కించే ముందే కలపాలి. డెక్స్‌ట్రోస్‌లో త్వరగా చెడిపోతుంది. పొద్దున్నే మూడు డోసులూ కలిపి బల్ల మీద పెట్టుకోకండి. ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడుతున్న రోగికి మెరోపెనెం పడితే వాల్‌ప్రోయేట్ రక్తంలో ఒకట్రెండు రోజుల్లోనే పడిపోతుంది, ఫిట్స్ మళ్లీ వస్తాయి. వేరే ఫిట్స్ మందు కలపాలి, లేదా యాంటీబయోటిక్ మార్చాలి.

వాంకోమైసిన్ 1 గ్రాము వంద నిమిషాలకు తక్కువలో ఎక్కించకూడదు. వేగంగా పోతే ముఖం, మెడ ఎర్రబడి దురద వస్తుంది. అది సాధారణంగా నిజమైన అలర్జీ కాదు. డ్రిప్ ఆపి, తగ్గాక నెమ్మదిగా ఎక్కిస్తే సరిపోతుంది.

లినెజోలిడ్ మాత్ర చవకే, సురక్షితమే. దాన్నెందుకు కట్టడి చేయాలి?

టీబీ కోసం. లినెజోలిడ్, లెవోఫ్లాక్సాసిన్ రెండూ క్షయ మీద పనిచేస్తాయి. దగ్గు జ్వరంతో వచ్చినవాళ్లకు కఫం పరీక్ష చేయకుండా ఇవి వేస్తే నాలుగు రోజులు బాగున్నట్టు కనబడి, రోగ నిర్ధారణ నెలలు వెనక్కిపోతుంది, పైగా మొండి టీబీకి దాచుకున్న మందు మొద్దుబారుతుంది. రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడతాయి కాబట్టి వారం వారం చూడాలి. ట్రమడాల్, డిప్రెషన్ మందులతో కలిస్తే వణుకు, గందరగోళం, జ్వరం రావచ్చు.

ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు వేయకపోతే కుట్లు చీము పట్టవా?

పట్టకుండా ఆపేది కోతకు ముందు పడిన డోసు. సెఫజోలిన్ 2 గ్రాములు కోతకు అరవై నిమిషాల లోపు, ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే ఇంకోటి. శుభ్రమైన ఆపరేషన్‌కి అంతే.

"మంచి ఇంజెక్షన్ వేయండి బాబూ" అంటే ఏం చెప్పాలి?

మంచి మందంటే పెద్ద మందు కాదని చెప్పబోతే వాళ్లకి మందు తగ్గిస్తున్నట్టు వినబడుతుంది. ఏం చేస్తున్నామో చెప్పండి: "రక్తం పంపాం అమ్మా, రెండు మూడు రోజుల్లో ఏ పురుగో తెలుస్తుంది, దానికి తగ్గ మందే వేస్తాం." తెలుగు, ఒడియా, సవర, కువి మాట్లాడే వార్డుల్లో ఈ మాట చెప్పగల సిస్టర్‌నో ఆశా దీదీనో తోడు తీసుకెళ్లండి. మందు తగ్గించిన రోజున బంధువులకు డాక్టరే స్వయంగా చెప్పాలి, లేకపోతే సాయంత్రానికి విశాఖపట్నం తీసుకెళ్లిపోతారు.

ఫార్మసీలో ఇవ్వకపోతే బయటి షాపు చీటీ రాసేస్తున్నారు. ఏం చేయాలి?

అదుపుకి వెనక గుమ్మం ఇదే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత మందుల నిరామయ పథకం కింద స్టాకు లేని రోజున మరీ ఎక్కువ. నియమం మందుకు పెట్టండి, స్టాకు గదికి కాదు. బయటి నుంచి తెచ్చినా ఫారం లేకుండా సిస్టర్ ఎక్కించకూడదు, మొదటి రోజు డోసులు తప్ప. బయటి చీటీల నకలు ఒక ఫైల్‌లో పెడితే నెలాఖరుకు ఏ వార్డు నుంచి ఎన్ని వెళ్లాయో తెలుస్తుంది.

వాడకం తగ్గిందో లేదో ఎలా లెక్కపెట్టాలి?

వయల్స్ లెక్కపెడితే మోసపోతారు, డోసు మారితే అంకె మారుతుంది. రోజులు లెక్కపెట్టండి. నెలలో మెరోపెనెం పడిన రోగి-రోజులు (ఒక్కో రోగికి మందు పడిన రోజులన్నీ కలిపి) 96, ఆసుపత్రి మొత్తం రోగి-రోజులు 2,400 అనుకుంటే, వెయ్యికి 40. ఇదే పద్ధతిలో ప్రతి నెలా మూడు మందులకు వేయండి. దాంతో పాటు మూడో రోజు సమీక్ష నిజంగా ఎన్ని కేసుల్లో జరిగిందో ఇరవై కేస్ షీట్లు తీసి చూడండి. మెరోపెనెం తగ్గి కొలిస్టిన్ పెరిగితే అది విజయం కాదు. మరణాలు, తిరిగి చేరికలు పక్క గడిలో రాయండి, సర్జన్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఒక్క వయల్ ఇద్దరికి పంచొచ్చా? మిగిలింది ఫ్రిజ్‌లో దాచొచ్చా?

పంచకండి, దాచకండి. పిల్లల వార్డులో 1 గ్రాము వయల్ తెరిచి నలుగురికి వాడటం దగ్గరే ఒకరి క్రిమి ఇంకొకరికి వెళ్తుంది. చిన్న వయల్స్ ఇండెంట్ పెట్టండి. తేదీ దాటినవి, మిగిలినవి సింకులో పోయకుండా పసుపు సంచిలోకి వెళ్లాలి.